గుర్రం ఇచ్చి చూడండి

(మహారాష్ట్రలోని దెగ్లూరులో మన తెలుగు కుటుంబాల ఆడపిల్లల ఆటల పోటీలు ముగిసిన సాయంత్రం, రిటైరైన ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని ఎక్కించాం.)

అందరికీ నమస్కారం. పిల్లలూ, కాస్త ముందుకు జరగండి. వెనక నిలబడ్డ అక్కలకు కూడా కుర్చీలు వేయండి. ముందు అక్కలు కూర్చోనీ, తర్వాత మాట్లాడుకుందాం.

ఇవాళ ఖోఖో ఆడారు, కబడ్డీ ఆడారు, పరుగు పందేలు గెలిచారు. నేను వాటి గురించే మాట్లాడతానని అనుకుంటున్నారు కదా? నేను గుర్రాల గురించి మాట్లాడతాను. గుర్రం మీద కూర్చుని మగవాళ్ళతో పోటీపడి గెలిచిన ఆడవాళ్ళ గురించి మాట్లాడతాను. దెగ్లూరులో గుర్రాల మాట ఎందుకు అంటారా? మాళేగావ్ యాత్రకు పోనివాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? చేతులెత్తండి. చూశారా, ఒక్కరూ లేరు.

లోహా తాలూకాలో, మన నాందేడ్ జిల్లాలోనే, మార్గశిరం చివర్లో ఖండోబా యాత్ర. మనం మల్లన్న అంటాం, వాళ్ళు ఖండోబా అంటారు, దేవుడొక్కడే. భండారా, అదే పసుపు, చల్లుకుంటూ, యేళ్కోట్ యేళ్కోట్ జై మల్హార్ అని అరుస్తూ జనం పోతుంటారు. అక్కడి గుర్రాల బజారు ఎంత పెద్దదో మీకు తెలుసు. నేను కిందటిసారి పోయినప్పుడు గుర్రాలను చూడలేదు. గుర్రాల పక్కన నిలబడ్డవాళ్ళను చూశాను. కళ్ళెం పట్టినవాడు మగవాడు. పళ్ళు చూసి వయసు చెప్పేవాడు మగవాడు. ఎక్కి దౌడు తీయించి చూపించేవాడు మగవాడు. ఆడవాళ్ళు ఎక్కడున్నారు? గడ్డి మోపులు మోస్తున్నారు, పేడ ఎత్తుతున్నారు, ఉలవలు ఉడకేస్తున్నారు. గుర్రం సాకేది ఆడది, గుర్రం ఎక్కేది మగవాడు.

మరి ఆ యాత్ర ఎవరిది? ఇంటికి పోయి మీ దేవుడి గూట్లో ఖండోబా పటం చూడండి. తెల్ల గుర్రం మీద ఖండోబా ఉంటాడు. అదే గుర్రం మీద ఆయన భార్య మ్హాళసా దేవి ఉంటుంది. కొన్ని పటాల్లో ఆమె చేతిలో కూడా ఆయుధం ఉంటుంది, రాక్షసుణ్ణి ఆమె కూడా పొడుస్తుంటుంది. దేవిని గుర్రం మీద కూర్చోబెట్టి మొక్కుతాం. బిడ్డ గుర్రం ఎక్కుతానంటే?

మా ఇంటి సంగతి చెప్తాను. మా బాపు ధర్మాబాద్ స్టేషన్ దగ్గర టాంగా, అదే జట్కా బండి, తోలేవాడు. మిర్చి బజారుకు వచ్చే వ్యాపారులు, బాసర పోయి తిరిగొచ్చేవాళ్ళు, అందరూ మా టాంగా ఎక్కేవాళ్ళు. మా గుర్రం ఆడగుర్రం. పేరు చంద్రి. నుదుట తెల్లటి మచ్చ. పొద్దున గుగ్గిళ్ళు పెట్టేది నేను. నా అరచేతిలోంచి తినేటప్పుడు దాని పెదవులు ఎంత మెత్తగా తగిలేవో ఇప్పటికీ నా చేతికి గుర్తుంది. ఇంత పెద్ద జంతువు, ఒక్క గింజ కింద పడకుండా, పంటి మొన కూడా తగలకుండా తినేది.

నాకు పదకొండేళ్ళప్పుడు బాపుకు జ్వరం వచ్చింది. సాయంత్రం బండికి కిరాయిలు వస్తాయి, మానుకుంటే రేపటికి ఉలవలు లేవు. నేనే టాంగా కట్టుకుని పోయాను. ప్యాసింజర్ వచ్చింది, జనం దిగారు. మా టాంగా దగ్గరికి వచ్చి, పైన కూర్చున్న నన్ను చూసి, పక్క టాంగాకు పోయారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు, అందరూ పోయారు. చివరికి ఒక ముసలమ్మ, చేతిలో మూట, నన్ను చూసి ఏమీ అనకుండా ఎక్కి కూర్చుంది. చంద్రి కదిలింది. బాపు తోలితే ఎట్లా నడిచేదో అట్లాగే నడిచింది. నేను మాట్లాడితే చెవులు నా వైపు తిప్పింది, బాపు మాట్లాడితే ఎట్లా తిప్పేదో అట్లాగే తిప్పింది.

మా బాపు చెప్పిన పాఠం ఒక్కటే. పగ్గాలు ఊయల తాడు పట్టుకున్నట్టు పట్టుకోవాలి అనేవాడు. ఊయల తాడు గట్టిగా గుంజుతామా? వదిలేస్తామా? ఊగే దాంతో చేయి కూడా పోతుంది, మళ్ళీ వస్తుంది. అక్కలూ, ఊయల ఊపని చేయి ఉందా ఇక్కడ? అది మీకు ముందే వచ్చిన విద్య.

ఇక అసలు మాటకు వస్తాను. ఒలింపిక్స్‌లో పరుగు పందెం ఆడవాళ్ళకు వేరు, మగవాళ్ళకు వేరు. ఈత వేరు, కుస్తీ వేరు. గుర్రపు స్వారీ ఒక్కటే కలిపి ఉంటుంది. ఒకే మైదానం, ఒకే కంచెలు, ఒకే మెడల్. అందులో ఆడా మగా ఒకరి మీద ఒకరు నేరుగా పోటీపడతారు. ఎందుకని? గుర్రం బరువు నాలుగున్నర, ఐదు క్వింటాళ్ళు ఉంటుంది. దాన్ని కండబలంతో ఆపగలిగిన మగవాడు పుట్టలేదు. నడుం ఎక్కడ పెట్టావు, మోకాలు ఎట్లా ఒత్తావు, చేయి ఎంత వదిలావు, అంతవరకే దానికి తెలుస్తుంది. పైన కూర్చున్నవాళ్ళకు మీసం ఉందా, ముక్కుపుడక ఉందా అన్నది దానికి పట్టదు.

కానీ ఆ మైదానంలోకి ఆడవాళ్ళను ఎప్పుడు రానిచ్చారు? గుర్రపు స్వారీలో డ్రెస్సాజ్ అని ఒకటి ఉంది. గుర్రం చేత నాట్యం చేయించినట్టు ఉంటుంది, మన పెళ్ళి బరాత్‌లో గుర్రం ఆడుతుందే, దానికి వెయ్యి రెట్లు నేర్పుతో. 1948 దాకా అందులో మిలిటరీ ఆఫీసర్లు మాత్రమే పోటీచేయాలి. ఆడవాళ్ళ సంగతి అటుంచండి, మామూలు సిపాయిని కూడా రానివ్వలేదు. ఆ ఏడాది స్వీడన్ జట్టు బంగారం గెలిచింది. తర్వాత తేలిందేమిటంటే, జట్టులో ఒకాయన నిజానికి సార్జెంటు. బంగారం వెనక్కి తీసేసుకున్నారు. ఆ నియమం 1952 హెల్సింకీ ఒలింపిక్స్ నాటికి పోయింది. అప్పుడు తలుపు తెరిచారు, నలుగురు ఆడవాళ్ళు లోపలికి వచ్చారు.

ఆ నలుగురిలో ఒకామె డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్. ఈమె పేరు రాసుకోండి పిల్లలూ. 1944లో, ఇరవై మూడేళ్ళ వయసులో, కడుపుతో ఉండగా పోలియో వచ్చింది. ఒళ్ళంతా పడిపోయింది. మళ్ళీ గుర్రం ఎక్కలేవని చెప్పారు. ఆమె మెల్లమెల్లగా చేతులు లేపడం నేర్చుకుంది, పాకడం నేర్చుకుంది, కర్రల సాయంతో నడవడం నేర్చుకుంది. మోకాళ్ళ కింద మాత్రం చలనం రాలేదు. ఇప్పుడు ఆలోచించండి. స్వారీలో గుర్రానికి సంగతి చెప్పేది దేనితో? ముఖ్యంగా కాళ్ళతోనే. పిక్కతో ఇక్కడ తాకితే ముందుకు, అక్కడ తాకితే పక్కకు. ఆ కాళ్ళే లేవు ఈమెకు. మరి ఏం చేసింది? నడుంతో చెప్పింది. వీపుతో చెప్పింది. బరువు ఒక పిసరు కుడికి, ఒక పిసరు ఎడమకు మార్చి చెప్పింది. జూబిలీ అనే తన ఆడగుర్రానికి ఆ భాష నేర్పింది, తానూ నేర్చుకుంది. గుర్రం ఎక్కించడానికి ఒకరు కావాలి, దించడానికి ఒకరు కావాలి. అట్లాంటి మనిషి హెల్సింకీలో మగవాళ్ళ మధ్య వెండి పతకం గెలిచింది. బంగారం గెలిచిన స్వీడన్ ఆయన హెన్రి సెయింట్ సీర్, ఆమెను పట్టుకుని పతకాలిచ్చే మెట్టు ఎక్కించాడు. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ పోటీచేసింది, మళ్ళీ వెండి గెలిచింది.

ఆడవాళ్ళకు కాళ్ళలో బలం చాలదు అన్న మాట ఈ కథ విన్నాక ఎవరైనా అనగలరా? చెప్పండి!

ఆ తర్వాత డ్రెస్సాజ్‌లో ఆడవాళ్ళదే పైచేయి అయింది. జర్మనీకి చెందిన ఇసబెల్ వెర్త్ 1992 నుంచి పారిస్ 2024 దాకా ఎనిమిది బంగారాలు, ఆరు వెండి పతకాలు గెలిచింది. ఈవెంటింగ్ అని మూడు రోజుల కఠినమైన పోటీ ఉంటుంది, అందులో కూడా టోక్యోలో జూలియా క్రయేవ్‌స్కీ అనే జర్మనీ ఆమె వ్యక్తిగత బంగారం గెలిచింది, ఆడవాళ్ళలో మొట్టమొదటిసారి. కంచెలు దూకే పోటీలో మాత్రం వ్యక్తిగత బంగారం పారిస్ దాకా ఒక్క ఆడమనిషికీ దక్కలేదు. అది ఇంకా మిగిలే ఉంది. మీ కోసమే మిగిలిందనుకోండి.

రేసుల సంగతి వేరు. రేసుల్లో డబ్బు ఉంది, పందెం ఉంది. డబ్బు ఉన్నచోట తలుపు ఇంకా గట్టిగా మూస్తారు. రేసు గుర్రం ఎక్కేవాళ్ళను జాకీ అంటారు. అమెరికాలో క్యాథీ కుస్నర్ అనే ఆమె జాకీ లైసెన్సు కోసం 1968లో కోర్టుకు పోవాల్సి వచ్చింది. ఒలింపిక్స్‌లో స్వారీ చేసిన మనిషి ఆమె! అదే ఏడాది పెన్నీ ఆన్ ఎర్లీ అని ఇంకొకామెకు లైసెన్సు వచ్చింది, కానీ ఆమె రేసులో దిగితే మేం దిగం అని మగ జాకీలు మొరాయించారు. 1969 ఫిబ్రవరి 7న ఫ్లోరిడాలో డయాన్ క్రంప్ రేసుకు దిగింది. జనం ఎగబడితే పోలీసులు చుట్టూ నిలబడి ఆమెను గుర్రం దాకా తీసుకుపోయారు. గుర్రం ఎక్కడానికి ఒక ఆడపిల్లకు పోలీసు కాపలా! ఇది మన తాతల కాలం మాట కాదు. నేను అప్పటికే పుట్టాను.

మిషెల్ పేన్ కథ కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే నాకు ఆమె అంటే ప్రాణం. ఆస్ట్రేలియా. పదిమంది పిల్లల్లో చివరిది. ఆరు నెలల పిల్లగా ఉన్నప్పుడు తల్లి కారు ప్రమాదంలో పోయింది. తండ్రి ఒక్కడే అందరినీ పెంచాడు. అన్నలు, అక్కలు చాలామంది జాకీలే. ఈమె 2004లో గుర్రం మీద నుంచి పడి పుర్రె చిట్లింది. అక్కలారా, అట్లాంటి దెబ్బ తగిలాక మన ఇళ్ళలో మళ్ళీ గడప దాటనిస్తామా? ఆమె మళ్ళీ ఎక్కింది. ప్రిన్స్ ఆఫ్ పెంజాన్స్ అనే గుర్రం ఉంది. ఆస్ట్రేలియా డబ్బులో యాభై వేల డాలర్లకు కొన్నారు, అక్కడి లెక్కలో చవక గుర్రం. దాని రేసులు ఎక్కువ శాతం ఈమే స్వారీ చేసింది. అయినా 2015లో మెల్బోర్న్ కప్ అనే పెద్ద రేసుకు వచ్చేసరికి, ఈమెను తీసేసి మగ జాకీని పెడదామని యజమానుల్లో కొందరు అనుకున్నారట. ట్రైనరు ఒప్పుకోలేదు, ఈమెనే ఉంచాడు.

ఆమె అన్న స్టీవీకి డౌన్ సిండ్రోమ్. ఆ గుర్రానికి కాపరి అతనే, సాకేవాడు, నడిపించేవాడు. ఏ గేటు నుంచి పరుగు మొదలుపెట్టాలో చీటీ తీసింది అతనే, ఒకటో నంబరు వచ్చింది. పందెంలో ఆ గుర్రం ధర ఒకటికి వంద. అంటే ఎవరికీ నమ్మకం లేదు. నవంబర్ 3న, 3200 మీటర్ల రేసు. ఆమె తొందరపడలేదు. కంచె పక్కన ఇరుకులో ఓపిగ్గా కూర్చుని, దారి దొరికిన క్షణంలో గుర్రాన్ని బయటికి తీసింది. మెల్బోర్న్ కప్ 1861 నుంచి జరుగుతోంది. అప్పటి నుంచి గెలిచిన మొదటి ఆడమనిషి ఆమె. మైకు పట్టగానే, ఇది మగవాళ్ళ అహంకారం నిండిన ఆట అని, ఆడవాళ్ళకు బలం చాలదన్నవాళ్ళు నోరు మూసుకోవాలని ప్రపంచం వినేలా చెప్పింది. ఆ రోజు ఆమె వేసుకున్న చొక్కా రంగులు ఏవో తెలుసా? ఊదా, ఆకుపచ్చ, తెలుపు. ఇంగ్లండులో ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం కొట్లాడినవాళ్ళ జెండా రంగులు. ఎవరూ కావాలని పెట్టింది కాదు, గుర్రం యజమానుల రంగులు అట్లా కలిసొచ్చాయి. నాకు మాత్రం తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది.

ఆ తర్వాత ఐర్లండుకు చెందిన రేచల్ బ్లాక్‌మోర్. 2021 ఏప్రిల్‌లో ఇంగ్లండులో గ్రాండ్ నేషనల్ అనే కంచెలు దూకే రేసు. దాదాపు ఏడు కిలోమీటర్లు, 30 కంచెలు, ఆ ఏడు 40 గుర్రాలు. సగం గుర్రాలు చివరిదాకా కూడా రాలేదు. మినెలా టైమ్స్ మీద ఆమె గెలిచింది, ఆ రేసులో ఆడ జాకీ గెలవడం అదే మొదలు. 1977లో షార్లెట్ బ్రూ మొదటిసారి ఆ రేసులో దిగినప్పటి నుంచి నలభై నాలుగేళ్ళు పట్టింది. గెలిచాక ఆమెను అడిగితే, ఈ క్షణంలో నేను ఆడదాన్ననీ అనిపించట్లేదు, మగవాణ్ణనీ అనిపించట్లేదు, అసలు మనిషిననే అనిపించట్లేదు అంది. ఆ మాట టాంగా మీద కూర్చుని చంద్రిని తోలిన పదకొండేళ్ళ పిల్లకు కూడా తెలుసు.

అదే బ్లాక్‌మోర్ హనీసకిల్ అనే ఆడగుర్రం మీద స్వారీ చేసేది. ఆడగుర్రం మీద ఆడ జాకీ, ఇద్దరూ కలిసి 2021లో, 2022లో చాంపియన్ హర్డిల్ అనే పెద్ద రేసు గెలిచారు. ఆడగుర్రాల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మాళేగావ్ బజారులో మగగుర్రానికే మోజు అంటారు. ఆస్ట్రేలియాలో విన్క్స్ అనే ఆడగుర్రం వరసగా 33 రేసులు గెలిచింది, వాటిలో మగగుర్రాలతో పోటీపడ్డవి బోలెడు. కాక్స్ ప్లేట్ అనే పెద్ద రేసు నాలుగేళ్ళు వరసగా ఆమెదే. మా చంద్రికి కూడా ధర్మాబాద్ రోడ్డు మీద ఎదురు లేదు.

సరే, మరి ఆడవాళ్ళు ఇంత గెలుస్తుంటే, రేసుల్లో ఆడవాళ్ళు ఇంత తక్కువ ఎందుకున్నారు? ఈ ప్రశ్నకు ఇంగ్లండులో లివర్‌పూల్ యూనివర్సిటీ తరఫున ఒకామె లెక్క తీసింది. పద్నాలుగేళ్ళ రేసుల వివరాలన్నీ ముందు పెట్టుకుని చూసింది. అప్పట్లో అక్కడ లైసెన్సు ఉన్న జాకీల్లో నూటికి పదకొండు మందికి పైగా ఆడవాళ్ళు. కానీ స్వారీల్లో ఆడవాళ్ళకు దొరికింది నూటికి ఐదు. పెద్ద రేసుల్లో అయితే నూటికి ఒకటి. ఇప్పుడు అసలు ముచ్చట. ఒకే స్థాయి గుర్రాన్ని ఆడమనిషి తోలినా, మగమనిషి తోలినా ఫలితంలో తేడా లేదు! ఆడవాళ్ళు వెనకబడింది స్వారీలో కాదు. మంచి గుర్రం చేతికి రావడంలో వెనకబడ్డారు. మా టాంగా పక్క నుంచి పోయిన ఆ జనమే ఇక్కడా ఉన్నారు. మేం తోలలేమని కాదు, ఎక్కలేదు వాళ్ళు.

ఫ్రాన్సులో 2017లో ఒక పని చేశారు. ఆడ జాకీ ఎక్కితే గుర్రం మోయాల్సిన బరువులో రెండు కిలోలు తగ్గించారు, తర్వాత ఆ సడలింపును కొంత తగ్గించారు. దానివల్ల ఆడవాళ్ళకు స్వారీలు పెరిగాయి. మంచిదే అన్నారు కొందరు, అవమానం అన్నారు కొందరు. నా మాట అడిగితే, చేతికి గుర్రం రావడానికి అది పనికొస్తే రానివ్వండి అంటాను. కానీ ఆడవాళ్ళకు బలం తక్కువ కాబట్టి ఇస్తున్నాం అంటే మాత్రం ఒప్పుకోను. లెక్క ఆ మాట చెప్పలేదు.

నాకూ ఇట్లాంటిదే జరిగింది. కాలేజీలో ఉండగా ఒక క్యాంపులో గుర్రపు స్వారీ నేర్పుతారని పేర్లు రాసుకున్నారు. నా పేరు మూడోది. పొద్దున లిస్టు గోడకు అంటించారు, నా పేరు మీద ఎర్ర గీత. అడిగితే, ఆడపిల్ల పడితే మాకు టెన్షన్, పెళ్ళి కావాల్సిన పిల్లవు అన్నారు. టాంగా గుర్రాన్ని పదకొండేళ్ళకే తోలినదాన్ని సార్ అన్నాను. ఎవరూ వినలేదు. పదిహేను రోజులు కంచె బయట నిలబడి మగపిల్లలు నేర్చుకుంటుంటే చూశాను. పగ్గాలు ఎట్లా గుంజుతున్నారో చూసి నా చేతులు నొప్పి పుట్టేవి.

మన దేశంలో లేరా అంటే ఉన్నారు. చెన్నై గిండీ రేసుకోర్సు నుంచి వచ్చిన రూపా సింగ్ మగ జాకీల మధ్య వందల రేసులు గెలిచింది. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో ఏషియన్ గేమ్స్ జరిగాయి. డ్రెస్సాజ్ జట్టు పోటీలో మనకు బంగారం వచ్చింది. గుర్రపు స్వారీలో 41 ఏళ్ళ తర్వాత వచ్చిన బంగారం అది. జట్టులో నలుగురు: అనూష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా. ఇద్దరు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. సుదీప్తి ఎక్కడి పిల్ల? ఇందోర్. మనకేమంత దూరం? కానీ ఒక మాట కూడా చెప్పాలి. ఆ నలుగురూ యూరప్‌లో ఉండి, అక్కడి గుర్రాల మీద నేర్చుకుని గెలిచారు. గుర్రాల క్వారంటైన్ నియమాలు, ఖర్చు, అన్నీ కలిసి ఇది ఉన్నవాళ్ళ ఆట అయిపోయింది. టాంగావాడి బిడ్డకు అంత దూరం పోయే దారి ఇంకా లేదు. అందుకని కూర్చుందామా? గుర్రం మన జిల్లాలోనే ఉంది కదా. మాళేగావ్‌లో ఉంది, నాందేడ్ గురుద్వారాలో ఉంది, సిక్కుల హోలా మొహల్లా పండుగ నాడు ఊరేగింపులో కళ్ళారా చూస్తున్నాం. మన పెళ్ళి బరాత్‌లలో ఉంది.

అందుకే ఒక పని చేశాను. పెళ్ళిళ్ళకు గుర్రాలు ఇచ్చే తమ్ముడు ఒకతను ఉన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. అతని దగ్గర పన్నెండేళ్ళ ఆడగుర్రం ఉంది, బ్యాండు మేళం పక్కన మోగినా బెదరదు. ఆదివారం పొద్దున బరాత్‌లు ఉండవు కాబట్టి, ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా మైదానంలోకి తెస్తానన్నాడు. అతని తల్లి చెప్పిందట, ఇన్నేళ్ళు నేనే దానికి దాణా పెడుతున్నాను, ఒక ఆడపిల్ల ఎక్కితే చూడాలని ఉంది అని. ఆ తల్లి కూడా వస్తుంది.

ఎవరు వస్తారు? చేతులెత్తండి. ఆగండి, ఆగండి, అందరూ ఒకేసారి కాదు. మొదటి ఆదివారం ఆరుగురు చాలు. తల్లులు కూడా రావాలి, దూరం నుంచి చూసి పోవడానికి కాదు, గుర్రం దగ్గర నిలబడడానికి. సల్వార్ వేసుకోండి, ఓణీ ఇంట్లో పెట్టి రండి. చెప్పులు వద్దు, మడమ ఉన్న బూట్లు, లేకపోతే స్కూలు బూట్లు. హెల్మెట్ లేనిదే ఎవరినీ ఎక్కనివ్వను, నాన్నదో అన్నదో బండి హెల్మెట్ అయితే సరిపోదు, ఊగుతుంది. సరైనవి రెండు నేను తెప్పిస్తున్నాను, మార్చి మార్చి పెట్టుకుంటారు. గుర్రం వెనక నుంచి పోవద్దు. ఎడమ పక్క నుంచి, అది మిమ్మల్ని చూసేలా, మాట్లాడుకుంటూ రండి. అరచేయి చాపి పెట్టండి, వేళ్ళు ముడవొద్దు. గుగ్గిళ్ళు నేను తెస్తాను.